చెకుముకి తుపాకి చేసిన చేతులు

(మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైటెక్ సిటీలో కూర్చుని కొలిమి ముచ్చట ఏందని కొందరికి అనిపించొచ్చు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన రోజే ఈ గడ్డకు ఇంజనీరింగ్ వచ్చిందన్నట్టు మాట్లాడేవాళ్లను మనం చాలామందినే విన్నాం. అంతకు రెండొందల ఏళ్ల కిందటే ఈ నగరంలో ఫిరంగులు పోతపోశారు. ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అని మనం పలికే పేరు అక్కడిదే. దాన్ని పెట్టించిన ఫ్రెంచి రేమండ్ 1798లో చచ్చిపోయాడు. గుట్ట మీద ఆయనకు సమాధి ఉంది. మూసారాంబాగ్ పేరు కూడా ఆయనదే అంటారు. అక్కడ తిత్తి ఊదినవాళ్ల పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం.

చెకుముకి తుపాకినే తీసుకుందాం. చుట్ట ముట్టించడానికి మన తాతలు పలుగురాయి, ఉక్కుముక్క, దూది దగ్గర పెట్టుకునేవారు. తుపాకిలోనూ అదే కిటుకు. మీట నొక్కితే రాయిని పట్టుకున్న కొక్కెం విసురుగా వచ్చి ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు గిన్నెలోని మందు మీద రాలతాయి. సన్నటి రంధ్రం గుండా నిప్పు గొట్టంలోకి పోతుంది. రాయిలోంచి నిప్పు వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, మండేది గీరుకుపోయిన ఉక్కు రజను.

అంటే ఒక్క తుపాకికి కమ్మరి మూడు గుణాల ఇనుము తయారుచేయాలి. గొట్టానికి పగలని మెత్తటి ఇనుము. పలకకు గట్టి ఉక్కు, మెత్తదైతే రవ్వ రాలదు. లోపలి స్ప్రింగే అసలు పరీక్ష. ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది గానీ గాజులా విరుగుతుంది. మళ్లీ సన్నగా కాచాలి. ఎండుగడ్డి రంగు, ఊదా, తర్వాత నీలం. ఎక్కడ ఆపాలో కంటికే తెలియాలి, థర్మామీటరు లేదు. కొలిమిని నీడలో పెట్టేది ఆ రంగులు కనబడడానికే.

ఉక్కు సంగతి వేరే చెప్పాలా? నిజామాబాద్ జిల్లా కోనసముద్రానికి పర్షియా వర్తకులు వచ్చి ఉక్కు దిమ్మలు కొనుక్కుపోయేవారని వాయిసీ అనే ఇంగ్లీషాయన రాశాడు. 1832లో అచ్చయింది.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను బలిగొన్నది గడీ తుపాకి. ఆ తర్వాత జనం వడిసెలలు, బరిసెలు పట్టారు, భర్మార్లు పట్టారు. భర్మారంటే మూతి నుంచి మందు కూరే నాటు తుపాకి. పట్టినవాళ్ల మీద పాటలున్నాయి. కొలిమి ముందు కూర్చుని బరిసె సాగదీసినోడి మీద, తుపాకి బాగుచేసినోడి మీద పాటేది?

ఇప్పుడు ఇంట్లో తుపాకి చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలే. చేయమని మేం చెప్పడం లేదు, చేయొద్దు కూడా. ట్రాక్టర్లు వచ్చాక కర్రు సాగదీసే పనే తగ్గిపోయింది. కొలిమిలు చల్లారిన ఊళ్లు మనకు తెలుసు. ఆ ఇళ్ల పిల్లలు ఈ హాల్లోనూ ఉండొచ్చు.

దసరాకు ఊరికి పోయినప్పుడు ముసలి కమ్మరి దగ్గర ఒక గంట కూర్చుందాం. ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు నీళ్లల్ల ముంచేవారో అడుగుదాం. ఫోన్ జేబులోనే ఉంటుంది, రికార్డు చేద్దాం. తిత్తి, దాగలి, సమ్మెట, పట్టుకారు. ఊరు మారితే వీటి పేర్లూ మారతాయి, అవి కూడా రాసుకొద్దాం.