వృద్ధాప్యములో కాళ్ళ సత్తువ – పప్పుగింజలు, వ్యాయామము



ఆరాధనలో లేచి నిలుచుండు సమయమున చుట్టును చూచినట్లయితే, ముందు బల్లను రెండు చేతులతో పట్టుకొని లేచేవారు ప్రతి వరుసలోను కనబడుతారు. కొందరు లేవడము మానుకొని కూర్చుండియే పాడుచున్నారు. "వయస్సు వచ్చినది, ఇక ఇంతే" అని వారంటారు, మనమూ అంటాము. ఈ మాటలో సగమే నిజము. నడివయస్సు నుండి కండ కొద్దికొద్దిగా తరిగిపోవుట నిజమే. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికి 'సార్కోపీనియా' అను పేరును ప్రకటించినారు. అయితే తరిగిన సత్తువ తిరిగి రాదనుకొనుట మాత్రము నిజము కాదు.

ఈ భయమును ఆసరా చేసుకొని నేడు బజారులో డబ్బాలు నిండియున్నవి. సోయా పొడి, బఠానీ పొడి, మునగాకు పొడి, అశ్వగంధ మాత్రలు – అన్నియు మొక్కల నుండి వచ్చినవే, అన్నియు బలమునకే. దూరదేశములో ఉన్న బిడ్డలు ప్రేమతో పంపుచున్నారు. పింఛను డబ్బుతో కొనుక్కొనువారూ ఉన్నారు. త్రాగి మంచము మీద కూర్చుంటే కాళ్ళకు బలము వచ్చునా అనునదే ఈ దినము మేము మాట్లాడదలచిన సంగతి.

దీనికి జవాబు చాలాకాలము క్రితమే దొరికినది. బోస్టన్ నగరములో ఒక వృద్ధుల ఆశ్రమమందు మారియా ఫియాటరోనీ అను వైద్యురాలు, ఆమె తోటివారు 100 మందిని పరీక్షించి, 1994లో ఆ ఫలితములను ప్రకటించినారు. వారి సగటు వయస్సు 87 సంవత్సరములు. నాలుగు జట్లుగా చేసినారు. ఒక జట్టుకు వారమునకు మూడు దినములు తుంటి, మోకాళ్ళ కండలకు బరువులతో గట్టి వ్యాయామము. ఒక జట్టుకు సోయా మాంసకృత్తులు కలిపిన 240 మిల్లీలీటర్ల పానీయము దినమునకొకసారి. ఒక జట్టుకు రెండును. నాలుగవ జట్టుకు రెండును లేవు. పది వారములైన తరువాత చూడగా వ్యాయామము చేసినవారి కండబలము సగటున 113 శాతము పెరిగినది, చేయనివారిది 3 శాతమే. నడక వేగము సుమారు 12 శాతము, మెట్లెక్కు శక్తి 28 శాతము హెచ్చినవి. పానీయము మాత్రమే త్రాగినవారికి బలమేమియు రాలేదు. ఇంకొక విశేషమున్నది. పానీయము త్రాగినవారిలో వ్యాయామము కూడ చేసినవారికే దినమంతటి ఆహారము మొత్తము మీద పెరిగినది. కదలని వారికి అది పెరుగలేదు. అనగా డబ్బా వచ్చినది, పళ్ళెములో అన్నము తగ్గినది. మన ఇళ్ళలోను ఇదే జరుగుచున్నది కదా!

కారణము తెలిసికొనుట కష్టము కాదు. కండ బరువును మోసినప్పుడే తన్ను తాను కట్టుకొనుటకు సిద్ధపడును. మాంసకృత్తులు ఇటుకల వంటివి. మేస్త్రీ పనిలోనికి దిగకుండ ఇటుకలు దింపి ఏమి లాభము? అయితే ఇటుకలు లేక మేస్త్రీ మాత్రము ఏమి చేయగలడు? వృద్ధుల కండ మాంసకృత్తులకు పడుచువారి కండ వలె వెంటనే స్పందించదు గనుక వారికి కొంచెము ఎక్కువే కావలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు కిలో శరీర బరువునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సిఫారసు చేసినది. వృద్ధులకు 1 నుండి 1.2 గ్రాములు కావలెనని వృద్ధుల వైద్య నిపుణులు 2013లో సూచించినారు.

60 కిలోల మనిషికి 60 గ్రాములనుకొందము. పావుకిలో బియ్యములో సుమారు 19, 75 గ్రాముల కందిపప్పులో 17, గుప్పెడు వేరుశనగపప్పులో 7, మూడు వందల మిల్లీలీటర్ల పాలలో 10, ఒక గ్రుడ్డులో 6. లెక్క సరిపోయినది, డబ్బా అవసరము లేదు. కాని మన వృద్ధులు తినునదేమి? గరిటెడు పలుచని పప్పుచారు, మజ్జిగ, ఊరగాయ. పళ్ళు లేనివారికి కందిపొడి, వేరుశనగ పొడి, ఉడికించిన ఉలవలు, పెసరట్టు మెత్తగా చేసి పెట్టవలెను. మీల్ మేకర్ 25 గ్రాములు నానబెట్టి కూరలో వేసిన 12 గ్రాములు వచ్చును. బియ్యములో కొరవడినది పప్పులో ఉన్నది, పప్పులో కొరవడినది బియ్యములో ఉన్నది. రెంటిని కలిపి తినుట మన అవ్వలు ఏ పుస్తకము చదువకనే నేర్చినారు.

రాగిజావలో సున్నము మెండుగా ఉన్నది, ఎముకలకు మంచిది. మాంసకృత్తులు మాత్రము బియ్యము పాటివే. మునగాకు పొడి చెంచాడు వేసిన ఒక గ్రాము చిల్లరే. అశ్వగంధను, మనము పెన్నేరుగడ్డ అనుదానిని, ఊరకనే వాడరాదని మా అభిప్రాయము. కాలేయము దెబ్బతిన్న సందర్భములు నమోదైనవి, థైరాయిడు, చక్కెరవ్యాధి మందులతో అది పొసగకపోవచ్చును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు – ఉద్దానము ప్రాంతపు సహోదరులు మరి ముఖ్యముగా – వైద్యుని అడుగక మాంసకృత్తులు పెంచకూడదు. పాలు, గ్రుడ్లు కూడ ముట్టనివారికి బి12 విటమిను మొక్కల ఆహారము వలన దొరకదు, దానిని వేరుగా తీసికొనవలెను.

ఇక వ్యాయామము. మన తల్లులు పొత్రము త్రిప్పినారు, బావి నుండి నీరు తోడినారు, నేలమీద కూర్చుండి లేచినారు. ఇప్పుడు మిక్సీ, కొళాయి, మంచము వచ్చినవి. పోగా బిడ్డలు "అమ్మా, నీవు కూర్చో" అని చీపురు కూడ లాగుకొనుచున్నారు. ప్రేమే, కాదనము. కాని ఆ ప్రేమ వలన ఆమె కాళ్ళు రెండేళ్ళలో పనికిరాకుండ పోవుచున్నవి. కూరలు తరుగుట, మొక్కలకు నీరు పోయుట, అంగడికి నడచుట ఆమెకే విడిచిపెట్టుడి.

నడక ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారము వృద్ధులు వారమునకు కనీసము 150 నిమిషముల నడకవంటి శ్రమతో పాటు రెండు దినములు కండబలమునకు, మూడు దినములు నిలకడకు వ్యాయామము చేయవలెను. చేతులు రొమ్ముమీద కట్టుకొని కుర్చీలోనుండి అయిదుసార్లు లేచి కూర్చుండి చూడుడి. ఆసియా నిపుణుల 2019 లెక్క ప్రకారము పన్నెండు సెకండ్లు లేక అంతకు మించి పట్టినచో కండ బలహీనమైనదని అనుమానించవలెను. ఆ పరీక్షయే వ్యాయామము కూడ. మొదట ఎనిమిదిసార్లు, కొంత ఆగి మరి ఎనిమిదిసార్లు. అది తేలికైనప్పుడు చేతులలో లీటరు నీటిసీసాలు పట్టుకొని చేయవలెను. తేలికగానే ఉంచుకొన్నచో కండ పెరుగదు. వంటగట్టు పట్టుకొని మడమలెత్తుట, గోడ ప్రక్కన ఒంటికాలిమీద పది సెకండ్లు నిలుచుట కూడ చేర్చవచ్చును.

ఊపిరి బిగపట్టరాదు. గుండె జబ్బు ఉన్నవారు, ఈమధ్య ఆపరేషను అయినవారు ముందుగా వైద్యునికి చెప్పవలెను. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీమీద మందమైన దిండు వేసికొని ఎత్తు పెంచుకొని మొదలుపెట్టవచ్చును. కుర్చీ మాత్రము గట్టి చెక్కదై గోడకు ఆనియుండవలెను. ప్లాస్టిక్ కుర్చీ నున్నని బండలమీద వెనుకకు జారును.