కార్డుతో గోల్డ్ కాయిన్ కొంటున్నారా? స్వైప్ చేసే ముందు ఇది వినండి

ఈరోజు ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన విషయంతోనే మొదలుపెడతాను.

2023 అక్షయ తృతీయకి మా బాబాయి కొడుకు వాళ్ళమ్మకి ఒక కాసు, అంటే 8 గ్రాముల గోల్డ్ కాయిన్ కొన్నాడు. కాయిన్ 48,500, దాని మీద 3 శాతం జీఎస్టీ. మొత్తం దాదాపు 50,000. అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాడు, చేతిలో క్రెడిట్ కార్డు ఉంది. "అన్నా, ఇప్పుడు స్వైప్ చేసేసి తర్వాత యాప్‌లో ఈఎంఐ పెట్టుకుంటా, పాయింట్లు కూడా వస్తాయి కదా" అన్నాడు. నేను కూడా సరే అన్నాను. అంటే తప్పులో నాకూ వాటా ఉంది.

తర్వాత యాప్ ఓపెన్ చేస్తే ఈఎంఐ ఆప్షనే లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "జ్యువెలరీ ట్రాన్సాక్షన్ సార్, ఈఎంఐ అవ్వదు" అన్నారు. పాయింట్లు చూస్తే సున్నా. ఎందుకిలా?

అసలు విషయం ఏంటంటే, మీరు స్వైప్ చేసినప్పుడు బ్యాంకుకి ముందుగా కనిపించేది కాయిన్ కాదు, షాపు. ప్రతి షాపుకీ ఒక నాలుగంకెల కోడ్ ఉంటుంది. దాన్ని మర్చంట్ కేటగిరీ కోడ్, షార్ట్‌గా ఎంసీసీ అంటారు. జ్యువెలరీ షాపులకి వాడేది 5944. వాచీల షాపులు, వెండి సామాను షాపులు కూడా దీని కిందకే వస్తాయి. పాయింట్లు ఇవ్వాలా వద్దా, ఈఎంఐ ఇవ్వాలా వద్దా అని సిస్టమ్ ఈ కోడ్ చూసే తేల్చేస్తుంది. ఆన్‌లైన్‌లో షాపింగ్ యాప్‌లో కొంటే కోడ్ వేరే ఉండొచ్చు. కానీ అక్కడ కూడా చాలా కార్డుల రూల్స్‌లో "బంగారం కొనుగోళ్ళకి రివార్డ్స్ ఉండవు" అని విడిగా రాసి ఉంటుంది. మనం చదవం, అంతే.

ఈఎంఐ సంగతికొస్తే, 2012 నవంబర్‌లో ఆర్‌బీఐ బ్యాంకులకి ఒక మాట చెప్పింది. బంగారం కొనడానికి అప్పు ఇవ్వొద్దు, నగైనా, కాయిన్ అయినా, గోల్డ్ ఈటీఎఫ్ అయినా సరే అని. నగల వ్యాపారుల వర్కింగ్ క్యాపిటల్ మాత్రం వేరే లెక్క. ఈఎంఐ అంటే అప్పే కదా. అందుకే మీ కార్డులో ఈఎంఐ వస్తుందిలే అని ముందే ఫిక్స్ అయిపోకండి.

ఒక మంచి విషయం కూడా ఉంది. షాపులో కార్డుతో కాయిన్ కొంటే మన దగ్గర మామూలుగా దాన్ని కొనుగోలుగానే చూస్తారు, ఏటీఎంలో క్యాష్ తీసినట్టు కాదు. కాబట్టి డ్యూ డేట్‌లోపు బిల్లు మొత్తం కట్టేస్తే వడ్డీ ఉండదు. కానీ "మొత్తం" అన్న మాట గుర్తుపెట్టుకోండి.

మావాడు ఏం చేశాడు? మినిమమ్ డ్యూ కట్టాడు. 50,000కి 5 శాతం, అంటే 2,500. "మినిమమ్ కట్టా కదా, ఇంక ప్రాబ్లం లేదు" అనుకున్నాడు. మినిమమ్ కడితే లేట్ ఫీజు పడదు, అంతే. వడ్డీ మాత్రం స్వైప్ చేసిన రోజు నుంచే లెక్కేస్తారు. నెలకి 3.5 శాతం అనుకుంటే 50,000కి 1,750. దాని మీద 18 శాతం జీఎస్టీ 315. మొత్తం 2,065. అంటే కట్టిన 2,500లో అసలుకి పోయేది 435 రూపాయలే! ఒకవేళ ఒక శాతం రివార్డ్ వచ్చినా, వచ్చేది ఒక్కసారి 500. పోయేది నెలనెలా 2,000 పైనే.

పోనీ కాయిన్ అమ్మేద్దామా? కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. షాపువాళ్ళు కొనే రేటు అమ్మే రేటు కంటే తక్కువ ఉంటుంది. బ్యాంకులో కొన్న కాయిన్ అయితే బ్యాంకు వెనక్కి తీసుకోదు.

ఇంకో మాట. "కార్డుతో కాయిన్ కొను, వెంటనే అమ్మి క్యాష్ చేసుకో" అని కొందరు ఐడియాలిస్తారు. వద్దు ఫ్రెండ్స్. అలాంటి ట్రాన్సాక్షన్లు వరసగా కనిపిస్తే బ్యాంకు కార్డు బ్లాక్ చేయొచ్చు. ఏడాదిలో కార్డు బిల్లులు 10 లక్షలు దాటితే ఆ వివరం ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి వెళ్తుంది. ఒక్క కొనుగోలు 2 లక్షలు దాటితే ఎలా కట్టినా పాన్ ఇవ్వాల్సిందే.

సో, కొనేముందు మూడు పనులు చేయండి. ఒకటి, మీ కార్డు రూల్స్‌లో గోల్డ్, జ్యువెలరీ అని వెతకండి. రెండు, కార్డుకి ఎక్స్‌ట్రా ఛార్జ్ ఉందా అని షాపులో ముందే అడగండి. మూడు, ఆ డబ్బు ఇప్పుడే మీ అకౌంట్‌లో ఉందా చూసుకోండి. లేకపోతే ఆ పండక్కి కాయిన్ వద్దు. ఒక గ్రాము కొనండి, లేదా వచ్చే ఏడాది కొనండి. లక్ష్మీదేవి ఏమీ అనుకోదు.

మావాడి కథ ఎలా ముగిసిందో చెప్పలేదు కదా. మూడు నెలల్లో వడ్డీ, జీఎస్టీ కలిపి దాదాపు 6,000 అయింది. చివరికి మా పిన్ని చీటీ పాడి ఆ బిల్లు కట్టింది. అమ్మకి కొన్న గిఫ్ట్‌కి అమ్మే డబ్బు కట్టింది. ఆ కాయిన్ ఇప్పటికీ బీరువాలో ఉంది. వాడు మాత్రం దాన్ని చూడటానికి ఇష్టపడడు.

మీకు ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్స్‌లో రాయండి. కొత్తగా కార్డు తీసుకున్న తమ్ముడికో చెల్లికో ఇది పంపండి.