వాననీటి పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవములలో పురాణములనుగూర్చియో, కావ్యములనుగూర్చియో ప్రసంగించుట వాడుక. హైదరాబాదు పాతనగరమున కురియు వాననుగూర్చి పల్లెలో ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని మూసీనది నగరమున పుట్టినది కాదు. వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో పుట్టి, పల్లెపొలముల నీటిని కూడగట్టుకొని, నగరము నడుమనుండి సాగి, వాడపల్లివద్ద కృష్ణలో కలియుచున్నది. పల్లెలో కురిసిన వానకు పట్టణమున లెక్క తేలును. ఆ లెక్కయే ఈ ప్రసంగమునకు విషయము.

వానను కొలుచుట ఈ దేశమునకు క్రొత్త గాదు. కోష్ఠాగారము ముంగిట మూర వెడల్పు మూతిగల కుండమును వర్షమానముగా నుంచవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించుచున్నది. ఏయే దేశమున ఎన్ని ద్రోణముల వాన కురియునో చెప్పునపుడు గోదావరీతీరపు అశ్మకదేశమును గూడ ఆ గ్రంథము పేర్కొన్నది. వరాహమిహిరుడు బృహత్సంహితయందు వానకొలతకు పాత్రను నిర్ణయించెను. విత్తనమును, ధాన్యపు నిల్వను వానకొలతతో ముడివేసిన ఆ పెద్దలకు కొలత వినోదము గాదు, పాలనకు పునాది.

రైతుకు వేరొక కొలత కలదు. నేలలో ఎంతలోతు పదును దిగినదో చూచి అతడు వానను నిర్ణయించును. వేసవిలో నెఱ్ఱెలు విచ్చిన నల్లరేగడి తొలివానను గుటుక్కున మ్రింగును. తడిసి నెఱ్ఱెలు మూసికొన్న పిమ్మట అదే నేల నీటిని పైననే నిలుపును. ఎఱ్ఱచల్క త్వరగా పీల్చుకొనును. బండనేల చుక్కనైనను దాచుకొనదు. హైదరాబాదు గ్రానైటు బండలమీద వెలసిన నగరము. పలుచోట్ల మట్టిపొర పలుచన. కావున అచ్చట వానకును వరదకును నడుమ ఎడము స్వల్పము.

ఈ చూపునే అంకెలలో వ్రాసినచో జమాఖర్చగును. కురిసిన వాన జమ. నేల పీల్చినది, ఆవిరియైనది ఖర్చు. చెరువున నిలిచినది నిల్వ. వీనికి చిక్కక మిగిలినది వీధివెంట పరుగిడును. ఎకరము నేలపై గంటకు అంగుళము చొప్పున కురిసిన వాన అంతయు పారినచో, సెకనునకు ఇంచుమించు ఒక ఘనపుటడుగు నీరగును. వంద ఎకరముల తోటయందు సగము ఇంకినచో 50 ఘనపుటడుగులు నాలాకు చేరును. తోట పోయి ఇండ్లును సిమెంటు వీధులును వచ్చి, పదియవవంతు మాత్రమే ఇంకినచో 90 చేరును. వాన పెరుగలేదు, నాలా వెడల్పును పెరుగలేదు. మిగిలిన 40 ఘనపుటడుగులు ఎవరి గడప దాటవలెను? నగరపు వరద యంతయు ఈ ఒక్క ప్రశ్నలో నున్నది.

1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీవరదను ఈ లెక్కతో చూడవలెను. అది హస్తకార్తె ప్రవేశించిన దినములు. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు కురిసినది. నగరమునకు ఎగువ పరీవాహక ప్రాంతము సుమారు 860 చదరపు మైళ్లు; అందు 788 చెరువులు, అనగా మైలుకొక చెరువు వంతున. అవి గొలుసుకట్టు చెరువులు. ఎగువదాని మత్తడి నీరు దిగువదానికి జమ. ఎగువ కట్ట తెగిన, దిగువ కట్ట నిలుచుట దుర్లభము. ఆ రాత్రి రెండువందలకు పైగా చెరువులు తెగినవి. నదిలో పారిన నీరు సెకనునకు 4,25,000 ఘనపుటడుగులని అంచనా. పరీవాహక ప్రాంతము ఐదున్నర లక్షల ఎకరములు గదా! ఆ నేలయంతటినుండి గంటకు ముప్పాతిక అంగుళమునకు మించిన నీరు ఒక్కమారుగా దిగినదన్నమాట. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయెను. 1578లో కట్టిన పురానాపూల్ నిలిచెను. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్ వద్ద నొక చింతచెట్టు నెక్కి నూటయేబది మంది బ్రతికిరి.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. నగరములోని గట్లను ఎత్తుచేసినంతనే చాలదనియు, వరదను నగరమునకు ఎగువనే ఆపవలెననియు ఆయన నిర్ణయము. ఆ ప్రకారము మూసీమీద 1920లో ఉస్మాన్‌సాగరము, ఈసీమీద 1927లో హిమాయత్‌సాగరము పూర్తియయ్యెను.

అయినను నగరమునకు నదియొక్కటియే శత్రువు గాదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కదినమున 24 సెంటీమీటర్ల వాన కురిసెను. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో ఘట్‌కేసరు ప్రాంతమున 32 సెంటీమీటర్లు కురిసెను. ఆ నెలలోనే, కొలది దినముల వ్యవధిలో, పాతనగరపు దక్షిణమున పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలను మించి పారెను. అలీనగర్, అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబా నగరములలో నీరు ఇండ్లలో నిండి ప్రాణములను గొనెను. ముంచినది మూసీ గాదు. ముంచినది చెరువుల మిగులు నీరు. శిఖమున ఇండ్లు వెలసి, మత్తడి కాలువ కృశించినచో నీరు వేరు త్రోవ వెదకికొనును. నీరు పల్లమెరుగునని సామెత. పట్టాయందలి హద్దు దానికి తెలియదు. పల్లమున చవుకగా దొరకిన స్థలములలో నిలిచినవారు తరచు పేదలు. కావున లెక్కతప్పునకు శిక్ష వారికి పడుచున్నది. 2025 సెప్టెంబరు చివర మూసీ మరల పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషను ప్రాంగణమున ప్రవేశించెను.

ఈ లెక్కను నేడు కంప్యూటరుచేత చేయించుచున్నారు. అమెరికా దేశపు పర్యావరణ సంరక్షణ సంస్థ 1971లో వెలువరించిన ‘స్టార్మ్ వాటర్ మేనేజ్‌మెంట్ మోడల్’ అను సాఫ్టువేరు అందు ప్రసిద్ధము. అది ఎవరికైనను ఉచితముగా లభించును. దాని పద్ధతి గ్రామలెక్కకు దూరము గాదు. ముందు నగరమును చిన్నచిన్న కమతములుగా విభజింతురు. ఒక్కొక్క కమతమునకు విస్తీర్ణము, వాలు, మట్టి గుణము, కప్పబడిన నేల భాగము వ్రాయుదురు. పిదప నాలాల పొడవు, వెడల్పు, వాలు, అడుగు గరుకుదనము వ్రాయుదురు. అంతట కొలది నిమిషములకొకమారు కురిసిన వానను జమకట్టుదురు. ఎంత ఇంకినది, ఎంత పారినది, ఏ మోరీ ఏ వేళకు పొంగినది, యంత్రము క్షణములలో చెప్పును. ఒక నాలాను వెడల్పుచేసిన దిగువవారికి మేలో కీడో త్రవ్వకమునుపే తెలియును. ఇది గొప్ప మేలు. ఏలయన త్రవ్విన పిమ్మట తెలిసిన తప్పును దిద్దుట దుస్సాధ్యము.

కాని యంత్రము నేలను చూడదు, పద్దును చూచును. పటములో 20 అడుగులున్న నాలా నేలమీద 8 అడుగులై, అందు సగము పూడికయైనచో, 20 అని వ్రాసినవానికి యంత్రము క్షేమమనియే చెప్పును. జరుగని కొలతను జరిగినట్లు వ్రాసిన అడంగలు ఎట్టిదో, అదియు నట్టిదే. అందుచేత యంత్రము చెప్పిన ఫలమును నిజమైన వరదతో సరిచూచుట ఆ శాస్త్రమున ముఖ్యవిధి. దానికి సాక్ష్యమెవరు? నీరు గోడమీద ఎంతవరకు వచ్చినదో గుర్తుపెట్టిన గృహస్థు, వాన వెలిసిన ఎంతసేపటికి వీధి పొంగినదో గమనించిన దుకాణదారు, మత్తడి దుమికిన వేళ చెప్పగల నీరటికాడు: వీరే. వీరి మాట వ్రాతకెక్కకున్న యంత్రపు మాటకు ఎదురు సాక్ష్యము లేదు.

గ్రంథాలయము చేయదగిన పని యిచ్చట నున్నది. వానమాపకమొకటి, పుస్తకమొకటి చాలును. చెట్లకును గోడలకును ఎడముగా మాపకమును నిలిపి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు కొలత వ్రాయవలెను. వాన మొదలైన వేళ, వెలిసిన వేళ తప్పక వ్రాయవలెను. ఏలయన దినమంతయు కురిసిన నాలుగంగుళములు పైరుకు ప్రాణము, గంటలో కురిసిన నాలుగంగుళములు ఊరికి గండము. చెరువు మట్టమును, మత్తడి పారిన దినమును చేర్చవలెను. వాన లేనినాడు సున్న వ్రాయవలెను, ఖాళీగా విడువరాదు. పాఠశాల బాలురకు ఈ పని అప్పగించినచో గణితమును, సత్యమును ఒక్కచోట నేర్తురు.

ఈ గ్రంథాలయమునకు నేడు ఇరువదియైదేండ్లు నిండినవి. నేడు తొలిపుట తెరచినచో, స్వర్ణోత్సవమునాటికి ఈ బీరువాలో ఇరువదియైదేండ్ల వానపుస్తకము నిలుచును. వెలకు దొరకు గ్రంథములను ఏ గ్రంథాలయమైనను సంపాదింపవచ్చును. ఆ పుస్తకము మాత్రము ఈ ఊరివారు వ్రాసిననే లభించును. దిగువ నగరమున పల్లమునందు నిద్రించువారికి అది అక్కరకు వచ్చును.