విశ్రాంత జీవనము – శ్రవ్యగ్రంథము

శ్రీకాకుళము, విజయనగరము వంటి మన పట్టణములలో ఉద్యోగవిరమణము చేసిన ఉపాధ్యాయులు, న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు పలువురు కలరు. వారి ఉద్యోగము ముగిసినదే కాని విద్య ముగియలేదు. ఆ విద్యకు తగిన పని యొకటి కలదు. చూపు లేనివారి కొరకు గ్రంథములను చదివి ధ్వనిముద్రణము చేయుటయే ఆ పని. దానిని గూర్చి శ్రోతలకు కొంత మనవి చేయదలచితిమి.

చూపు లేని విద్యార్థి కష్టమేమో మొదట గ్రహింపవలెను. అతనికి తెలివి కొరత కాదు, గ్రంథము కొరత. తోటి విద్యార్థి పుస్తకము తెరచినంతనే చదువుకొనును. ఇతడు తల్లికో, తమ్మునికో, మిత్రునికో తీరిక చిక్కువరకు వేచియుండవలెను. ఒకమారు వినిపించినవారిని మరల చదువుమనుటకు మొగమాటపడును. ధ్వనిముద్రితమైన గ్రంథమున్నచో అర్ధరాత్రియైనను వినవచ్చును. అర్థము కాని వాక్యమును పదిమారులు వినవచ్చును. ఎదుట కూర్చుండి చదివి వినిపించుట సహాయము. ధ్వనిముద్రణము చేసి యిచ్చుట స్వాతంత్ర్యము.

విదేశములలో ఈ సేవ పెరిగిన విధము వినదగినది. రెండవ ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన అమెరికా సైనికులు ప్రభుత్వ సహాయముతో కళాశాలలలో చేరదలచిరి. పాఠ్యగ్రంథములను చదువు మార్గము వారికి లేకపోయెను. వారి విన్నపములు న్యూయార్కు పౌరగ్రంథాలయమునకు చేరగా, ఆన్ మెక్డొనాల్డ్ అను మహిళ స్వచ్ఛంద పాఠకులను సమకూర్చి 1948లో ఈ కార్యమునకు పూనుకొనెను. ఆనాటి చిన్న రికార్డుపై ఒక్కొక్క వైపున సుమారు 12 నిమిషముల పఠనము మాత్రమే పట్టెడిది. నేడు గ్రంథాలయమంతయు సెల్‌ఫోనులో ఇముడుచున్నది. డైసీ అను పద్ధతిలో సిద్ధపరచిన గ్రంథమున శ్రోత కోరిన ప్రకరణమునకు, కోరిన పుటకు నేరుగా పోవచ్చును.

మన దేశమున 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము, లాభాపేక్ష లేక వికలాంగుల ఉపయోగార్థము గ్రంథములను ఇట్లు మార్చుటకు అనుమతించినది. చూపు లేనివారికి గ్రంథములు అందుబాటులో నుండవలెనను మరకేష్ ఒడంబడికను 2014లో ప్రపంచమున మొట్టమొదట ధ్రువపరచిన దేశము భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అను అంతర్జాల గ్రంథాలయము వెలసినది. తలుపు తెరచియున్నది, తెలుగు గ్రంథములను లోనికి చేర్చవలసినవారము మనమే.

యంత్రమే చదువుచుండగా మనుష్యునితో పనియేమని కొందరు ప్రశ్నింపవచ్చును. చక్కగా అచ్చయిన వచనమును యంత్రము చదువును. ఆ మేలును మేము కాదనము. కాని రేఖాగణితమున పటము వచ్చినపుడు అది ఏమి చెప్పగలదు? ఇంజనీరయినచో ఏ గీత ఏ గీతను ఎచ్చట ఖండించుచున్నదో చెప్పును. చట్టమునందలి నిబంధన ఎచ్చట ముగిసి మినహాయింపు ఎచ్చట మొదలగునో న్యాయవాది గొంతు తెలుపును. గురజాడవారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన నాటకము. అందు ఒక్కొక్క పాత్రది ఒక్కొక్క పలుకుబడి. ఆ పలుకుబడుల నెరిగిన ఈ ప్రాంతపు ఉపాధ్యాయుడు చదివినట్లు యంత్రము చదువగలదా? అర్థమెరిగి చదువువానికే ఎచ్చట ఆగవలెనో తెలియును.

అయినను పాఠకుడు నటుడు కారాదు. తాను గ్రంథమునకు కన్నులే కాని వ్యాఖ్యాత కాడు. నచ్చని వాక్యమును విడువరాదు. తన అభిప్రాయమును చేర్చరాదు. పుటసంఖ్యను పలుకవలెను. పట్టిక వచ్చినచో దాని శీర్షికను, ఎన్ని వరుసలు కలవో ముందుగా చెప్పి పిదప అంకెలు చదువవలెను. తప్పు దొర్లినచో వాక్యమును మొదటినుండి మరల చదువవలెను. మరియొకరు పుస్తకము చేత బట్టుకొని విని సరిచూచుట మేలు. పంకా నాపి, వీధి సందడి లేని వేకువను ఎన్నుకొని, దినమునకు అరగంట చదివిన చాలును. అట్లు రెండువందల పుటల గ్రంథము మూడు, నాలుగు వారములలో పూర్తికాగలదు. ఏ గ్రంథము చదువవలెనో మనము నిర్ణయింపరాదు; సమీపమునందలి అంధ విద్యార్థులనే అడుగవలెను. మనము భాగవతము చదువ నుత్సహింతుము. వారికి పోటీపరీక్షల అర్థశాస్త్రము కావలసియుండవచ్చును.

ఇట్టి సద్భావము మన సీమకు క్రొత్త కాదు. 1919లో విజయనగర ప్రభువు సంగీతకళాశాలను నెలకొల్పుటకు ఆస్థానోద్యోగి యొకరి అంధకుమారుని సంగీతాసక్తి కారణమని ప్రతీతి. ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులైరి. ఒక్కనికొరకు తెరచిన తలుపు ఎందరికో దారి యైనది.

గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీముఖలింగ సమీపమున జన్మించినవారు. 1911లో ఉపాధ్యాయవృత్తి నుండి విరమించిరి. మన్యమున సవరలతో మెలగుచు జ్వరముల పాలై, క్వినైను సేవించి వినికిడి కోల్పోయిరని చెప్పుదురు. అట్టివారే 1931లో సవరభాషా వ్యాకరణమును వెలయించిరి. విరమణము ఉద్యోగమునకే కాని ఉపకారమునకు కాదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శన మేల?

మన యిండ్లలోని పెద్దలకు విద్య కలదు, తీరిక కలదు, కంఠము కలదు. పుస్తకము చేత బట్టుకొని ఆ కంఠముకొరకు వేచియున్న విద్యార్థియు మన యూరిలోనే యుండవచ్చును. వారిరువురిని కలుపుట ఈ మాటలు వినుచున్న మీ చేతిలోని పని.