ఇంటి టెలిఫోను, మొబైల్ పోటీ, మన కర్తవ్యం
(ఫెడరేషన్ ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోన్ వచ్చినది, ఇంటి టెలిఫోనుకు కాలం చెల్లినది, కాబట్టి టెలిఫోను కార్మికునికి కూడా కాలం చెల్లినది అన్న వాదనను రెండు దశాబ్దాలుగా వింటున్నాము. ఇందులో నిజమెంత, మోసమెంత అన్నది నేడు పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయదలచాము. మనం నూతన యంత్రాలకు విరోధులం కాము. 1991 నాటికి ఇంత పెద్ద దేశంలో టెలిఫోను కనెక్షన్లు సుమారు 50 లక్షలు మాత్రమే. దరఖాస్తు పెట్టుకొని ఏళ్ళ తరబడి ఎదురుచూచిన కుటుంబాలు కోకొల్లలు. 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య తొలి మొబైల్ సంభాషణ జరిగిన నాడు సెల్‌ఫోన్ సంపన్నుల వస్తువు. వచ్చిన కాల్‌కు సైతం రుసుము చెల్లించవలసి ఉండేది. 2003లో ఆ రుసుము తొలగిన పిమ్మట రైతు చేతికి, కూలి చేతికి, ఆటో కార్మికుని చేతికి ఫోను వేగంగా అందినది. దీనిని మనం హర్షించాము.

అయితే ఈ పోటీ సమాన ప్రాతిపదికపై జరిగినదా? లేదు. ప్రైవేటు సంస్థలు రాబడి ఉన్న నగరాలను ముందుగా ఎంచుకొన్నవి. గిట్టుబాటు లేని గ్రామాల ఎక్స్‌ఛేంజీలు, మైళ్ళకొద్దీ రాగి తీగలు ప్రభుత్వ రంగం భుజాలపైననే మిగిలినవి. 2000 అక్టోబరు 1న ఏర్పడిన బి.ఎస్.ఎన్.ఎల్. తన మొబైల్ సేవను 2002 అక్టోబరులో గాని ప్రారంభించలేకపోయినది. అప్పటికి ప్రైవేటు సంస్థలు రంగంలో దిగి ఏడేళ్ళు గడచినవి. 4జి విషయంలోనూ అదే కథ. ప్రైవేటు రంగంలో 4జి సేవ 2012లోనే మొదలయినది. బి.ఎస్.ఎన్.ఎల్.కు 4జి స్పెక్ట్రమ్ ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినది 2019 అక్టోబరులో. దేశవ్యాప్త స్వదేశీ 4జి ప్రారంభమయినది 2025 సెప్టెంబరు 27న. కాళ్ళు కట్టివేసి పరుగుపందెంలోకి దింపి, ఓడిపోయినావని నిందించుట న్యాయమా?

ఇక ఇంటి టెలిఫోను సంగతి. 2006 నాటికి సుమారు 5 కోట్లున్న కనెక్షన్లు 2020 నాటికి సుమారు 2 కోట్లకు పడిపోయినవి. ల్యాండ్‌లైన్ చచ్చిపోయినదని అందరూ ప్రకటించారు. కాని ఆ తరువాత ఏమి జరిగినది? ఇంటింటికి ఫైబర్ రావడంతో కనెక్షన్ల సంఖ్య తిరిగి పెరగసాగినది. 2022 ఆగస్టులో రిలయన్స్ జియో బి.ఎస్.ఎన్.ఎల్.ను మించి ఈ రంగంలో ప్రథమ స్థానానికి చేరినది. అనగా ఇంటి లైను చావలేదు. రాగి పోయి ఫైబర్ వచ్చినది. పెట్టుబడి పెట్టినవారి చేతికి అది పోయినది. ఇది కార్మికుని అసమర్థత కాదు. ప్రభుత్వ విధానం యొక్క ఫలితం.

పోటీ వలన వినియోగదారునికి శాశ్వతమైన మేలు జరిగినదా? ఒకనాడు పదికి మించిన సంస్థలు రంగంలో ఉండేవి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసినది. 2016 తరువాతి ధరల యుద్ధంలో కొన్ని మూతబడినవి, కొన్ని విలీనమయినవి. దేశవ్యాప్తంగా మిగిలిన పెద్ద ప్రైవేటు సంస్థలు మూడు. 2024 జూలైలో ఆ మూడూ దాదాపు ఒకేసారి చార్జీలు పెంచినవి. ఆ నెలలలో లక్షలాది ప్రజలు బి.ఎస్.ఎన్.ఎల్.లో చేరారు. కాని తగిన 4జి లేనందున ఆ చేరిక నిలువలేదు. ప్రజలు ప్రభుత్వ రంగాన్ని కోరుకొన్నారు. ప్రభుత్వమే దానిని సకాలంలో సిద్ధం చేయలేదు.

ఈ భారమంతా మోసినది కార్మికుడు. 2020 జనవరి 31న ఒక్క రోజున బి.ఎస్.ఎన్.ఎల్. నుండి 78 వేలకు పైగా ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ పేరిట వెళ్ళిపోయారు. సంస్థలో సగానికి మించిన సిబ్బంది వారు. పని మాత్రం పోలేదు. గుంత త్రవ్వేవారు, ఫైబర్ అతికేవారు, వర్షంలో టవరు ఎక్కేవారు నేటికీ ఉన్నారు. వారిలో అత్యధికులు కాంట్రాక్టర్ల క్రింద ఉన్నారు. ఉద్యోగ భద్రత లేదు, సంఘం అండ లేదు. నిన్నటి లైన్‌మన్‌కు ఉండిన హక్కు నేటి ఫైబర్ కార్మికునికి ఎందుకు ఉండరాదు?

కనుక మన కర్తవ్యం స్పష్టం. ప్రభుత్వ టెలికాం సంస్థకు పరికరాలు, పెట్టుబడి సకాలంలో అందించాలని, దాని భూములను, టవర్లను తెగనమ్మరాదని కోరుదాము. ప్రభుత్వ, ప్రైవేటు భేదం లేకుండా ప్రతి కాంట్రాక్టు కార్మికునికి కనీస వేతనం, ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. అమలు జరగాలని పోరాడుదాము. అన్నిటికన్నా ముందు, ఆ కార్మికుని సంఘంలో చేర్చుకొందాము. అతనిని బయట ఉంచి పర్మినెంటు ఉద్యోగి ఒక్కడే తన హక్కులను నిలుపుకొనగలడనుకొనుట భ్రమ.

ప్రతి జిల్లా శాఖ ఈ పనిని వెంటనే చేపట్టవలసిందిగా విజ్ఞప్తి చేస్తున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!