సిగ్నల్ ఫుల్ ఉంది, కాల్ మాత్రం రావట్లేదా? ముందు నా తప్పు చెప్తా

ఈరోజు ముందు ఒక సారీ చెప్పాలి, తర్వాతే టాపిక్.

కొన్నాళ్ల క్రితం మన ఛానల్‌లోనే ఒక ట్రిక్ చెప్పాను. డయలర్‌లో *#*#4636#*#* కొట్టండి, ఫోన్ ఇన్ఫర్మేషన్‌లో "ఎన్ఆర్ ఓన్లీ" పెట్టండి, ఫోన్ 5జీ మీదే లాక్ అయిపోతుంది అని. నేనూ పెట్టుకున్నా. స్పీడ్ అదిరిపోయింది.

పోయిన నెల ఊళ్లో నాన్న బాత్రూంలో జారి పడ్డారు. అమ్మ రాత్రి ఏడుసార్లు ఫోన్ చేసింది. నా ఫోన్‌లో బార్స్ ఫుల్, రీల్స్ ఆగకుండా ఆడుతున్నాయి, ఒక్క కాల్ కూడా రింగ్ అవ్వలేదు. చివరికి పక్కింటి బాబాయి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే తెలిసింది. నాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు, చేతికి కట్టు ఉందంతే. కానీ "నీకు ఎన్నిసార్లు చేశాన్రా" అని అమ్మ అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

కారణం ఏంటంటే, డేటా దారి వేరు, కాల్ దారి వేరు. మన దగ్గర ఎక్కువ కాల్స్ 4జీ మీద, అంటే వోల్టీ మీద నడుస్తాయి. 5జీలో ఉన్న ఫోన్‌కి కాల్ వస్తే, అది చాలాసార్లు కాసేపు 4జీకి దిగి ఎత్తుకుంటుంది. ఎన్ఆర్ ఓన్లీ పెడితే ఆ దిగే మెట్లు మనమే తీసేసినట్టు. 5జీ మీదే కాల్ వెళ్లాలంటే వోఎన్ఆర్ కావాలి, అది నెట్‌వర్క్‌లోనూ ఉండాలి, ఫోన్‌లోనూ ఉండాలి. కొన్ని 5జీ నెట్‌వర్క్‌లు అసలు 4జీని పట్టుకునే నడుస్తాయి. అక్కడ ఈ సెట్టింగ్ పెడితే సిగ్నలే పోతుంది.

సరే, మీకూ కాల్స్ రావట్లేదా? ఈ వరసలో చూడండి.

ఒకటి. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌కి వెళ్లి, ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌ని 5జీ ఆటోకి మార్చండి. వోల్టీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఒకసారి ఏరోప్లేన్ మోడ్ వేసి తీయండి.

రెండు. బార్స్‌ని నమ్మకండి. ఎన్ని బార్స్ చూపించాలన్నది ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. అబౌట్ ఫోన్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే డీబీఎం అని ఒక నంబర్ ఉంటుంది. 4జీలో మైనస్ 85 అంటే బాగుంది. మైనస్ 115 అంటే కాల్ ఎప్పుడైనా కట్ అవ్వొచ్చు. ఇంట్లో గది గదికీ తిరిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మూడు. సిమ్ మార్చి చూడండి. మీ సిమ్‌ని ఫ్రెండ్ ఫోన్‌లో అదే చోట వెయ్యండి. అక్కడ బాగా పనిచేస్తే తేడా మీ ఫోన్‌లోనో, మీ సెట్టింగ్స్‌లోనో ఉంది. అక్కడా అంతే అయితే, అదే కంపెనీది ఇంకో సిమ్ వేసి చూడండి. అది పనిచేస్తే మీ సిమ్ పోయినట్టే, స్టోర్‌కి వెళ్లి మార్చుకోండి. రెండూ పనిచేయకపోతే ఆ చోట సిగ్నలే లేదు.

నాలుగు. బయట బాగుండి ఇంట్లోనే రావట్లేదంటే గోడల వల్ల. 3500 మెగాహెర్ట్జ్ 5జీ కాంక్రీట్ గోడ దాటి రావడం కష్టం. 700, 900 లాంటివి కాస్త లోపలికి వస్తాయి. ఇంట్లో వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేయండి, చాలామందికి దీంతోనే సరిపోతుంది.

ఐదు, ఆఖరికి మాత్రమే, నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్. ఫోటోలు పోవు కానీ వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు పోతాయి. అప్పటికీ కాకపోతే 198కి కాల్ చేసి కంప్లైంట్ పెట్టండి, డాకెట్ నంబర్ రాసుకోండి. మీరు నోట్ చేసిన డీబీఎం కూడా చెప్పండి.

పాత వీడియో తీసేశాను. ఆ ట్రిక్ పెట్టుకున్నవాళ్లు ఇప్పుడే మార్చేయండి. ఇకనుంచి నెట్‌వర్క్ సెట్టింగ్ ఏది మార్చినా స్పీడ్ టెస్ట్‌తో ఆపకండి. స్క్రీన్ ఆఫ్ చేసి, ఇంట్లోవాళ్లతో ఒక కాల్ చేయించుకోండి. రింగ్ అయితేనే ఫోన్ బాగున్నట్టు.

ఉంటా మరి, బై.