నేల మీది రాత



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. బస్సు మీది ఊరి పేరు చదువుతున్నారు. ఈరోజు ఇంకో చదువు గురించి మాట్లాడుకుందాం. అది నేలను చదవడం.

పాత కాలపు వస్తువులను, కట్టడాలను చూసి అప్పటి సంగతులు చెప్పేవాళ్ళను పురావస్తు శాస్త్రవేత్తలు అంటారు. మాట పెద్దదే. పని మాత్రం మనకు కొత్త కాదు. వాళ్ళు ఎప్పుడూ తవ్వుతూనే ఉండరు. చాలాసార్లు పొలాల వెంట నడుస్తారు. కలుపు తీసేటప్పుడు మనం చూసినట్టే నేలను చూస్తారు. విజయనగర రాజుల హంపీ చుట్టూ 1990లలో ఇట్లాగే నడిచారు. కోటలు, గుళ్ళే కాదు, చెరువులు, కాలువలు, బావులు, పాత బాటలు కూడా రాసుకున్నారు. ఊరికి అన్నం పెట్టినవి అవే కదా!

చాలా ఊళ్ళ పక్కన పాటిదిబ్బ ఉంటుంది. ఆ పాటిమన్ను చేనుకు తోలుతాం. దానికంత బలం ఎక్కడిది? ఒకప్పుడు అక్కడ ఊరుండేది. పొయ్యిలో బూడిద, పేడ, చెత్త తరతరాలుగా అక్కడ పడ్డాయి. కుండ పెంకులు, గాజుల ముక్కలు అందులోనే దొరుకుతాయి. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. ఏ పెంకు ఏ పొరలో ఉందో చూసి కాలం చెబుతారు. జేసీబీ పెట్టి తవ్వితే పొరలన్నీ ఒక్కరోజులో కలిసిపోతాయి. ఇక ఎవరూ చదవలేరు.

"మరి మా చేనుకు బలం వద్దా?" అంటారు మీరు. అడగాల్సిన మాటే. పశువుల పెంట ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. లేనివాళ్ళకు సులువైన జవాబు నా దగ్గర లేదు. తవ్వకముందే ఒకసారి తెలిసినవాళ్ళకు చూపించండి అనే అంటాను.

ఇక చెరువు. మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం చెరువు ఉంది. 13వ శతాబ్దంలో దాన్ని కట్టించింది ఒక ఆడమనిషి. ఆమె పేరు మైలాంబ. కాకతీయ రాజు గణపతిదేవుడి తోబుట్టువు. ఆ సంగతి రాతి మీద చెక్కించింది. కాకతీయుల తాతముత్తాతల పేర్లు కూడా ఆ రాతి మీదే ఉన్నాయి. ఆ అక్షరాలు మన అక్షరాలకు ముత్తవ్వల లాంటివి. తట్టలతో మట్టి మోసినవాళ్ళ పేర్లు మాత్రం రాయలేదు. వాళ్ళ సంగతి చెప్పేది కట్టే. కట్ట ఎక్కడ వేశారు, తూము ఎక్కడ పెట్టారు, మత్తడి ఎటు తిప్పారు, ఇవి చూస్తే వాళ్ళ తెలివి తెలుస్తుంది. కట్ట రాళ్ళు పీకి గోడలకు వాడితే చెరువూ పోతుంది, ఆ తెలివికి గుర్తూ పోతుంది.

అక్షరాలున్న రాయి కనబడితే దాని మీద బట్టలు ఉతకకండి, అరిగిపోతుంది. రంగు పూయకండి. కదిలించకుండా సర్పంచికో, బడి పంతులుకో చెప్పండి.

పేర్లు కూడా గుర్తులే. ఒక చేనును కుమ్మరికుంట అంటారు. ఇప్పుడక్కడ కుమ్మరీ లేడు, కుంటా లేదు. పేరు మిగిలింది. ఇలాంటి పేర్లు మీ అత్తలకు, అవ్వలకు ఇంకా ఎక్కువ తెలుసు. మీకు తెలిసినవి ఇప్పుడు చెప్పండి. ఒక్కొక్కరూ వచ్చి బోర్డు మీద రాయండి.